పరదేశీయుని ఇల్లాలికి నిలువ నీడ

వివాహము రెండు మనస్సుల యొడంబడిక యని మనము చెప్పుకొందుము. అది నిజమే. కాని దానికి వెలుపల మఱియొక యొడంబడిక కలదు. దంపతులు ఏ యూర కాపురముండవచ్చును, ఏ రాజ్యము వారిని భార్యాభర్తలుగా గుర్తించును, భర్త మరణించిన మఱునాడు ఆ యిల్లాలు ఆ యింటనే యుండవచ్చునా, బిడ్డలు ఎవరి వద్ద పెరుగుదురు అను ప్రశ్నలకు సమాధానము చెప్పునది ఆ రెండవ యొడంబడికయే. దంపతులిరువురును ఒక్క దేశమువారైనప్పుడు ఈ ప్రశ్నలు అంతగా తలయెత్తవు. తలయెత్తినను పెద్దలు నలుగురు కూర్చుండి సర్దుబాటు చేయుదురు. ఒకరు పరదేశీయులైనప్పుడు మాత్రము కాపురమును నిలుపునవియు కూల్చునవియు ఇవియే యగును.

నేడు తెలుగు యువతీయువకులు జర్మనీ, ఐర్లండు, ఫ్రాన్సు మొదలైన దేశములకు చదువుకొఱకును ఉద్యోగముకొఱకును పోవుచున్నారు. అక్కడి పౌరులను పెండ్లియాడినవారును కలరు. పెండ్లియైన వెంటనే వారి యెదుట ఒక చిక్కు నిలుచును. యూరపు పౌరుని భార్యగా గాని, యూరపు పౌరురాలి భర్తగా గాని అచ్చట నివసించుటకు అనుమతి కోరవలెను. ఆ యనుమతికి దారి ఒక్కటి కాదు. ఏ దారిని దరఖాస్తు పెట్టవలెను? త్వరగా తెమలునదా, ఖర్చు తక్కువగునదా, తోటివారు పోయినదా? ఈ ప్రశ్న మన కాలమున పుట్టినదని పలువురు తలంతురు. మా యభిప్రాయము వేఱు. ఈ ప్రశ్న మన కోఠీలో రెండువందల యేండ్ల క్రిందటనే పుట్టినది. అప్పుడు దానికి న్యాయమైన సమాధానము లేకపోవుటచే ఒక యిల్లాలు బిడ్డలను, భర్తను, కొంతకాలము పుట్టిన యూరిని సైతము కోల్పోయినది. ఆ చరిత్రను ముందు చెప్పి, దానినుండి నేటివారు గ్రహింపదగినదానిని పిమ్మట చెప్పెదము.

కోఠీ యన్నది నేడు హైదరాబాదులో ఒక పేట పేరు. ఉర్దూలో ఆ మాటకు పెద్ద భవనమని యర్థము. ఆ పేటకు ఆ పేరు తెచ్చినది మూసీనదికి ఉత్తరపు వైపున నున్న బ్రిటిషు రెసిడెన్సీ. 1798లో నిజాం ఆలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహాయపు సంధి చేసికొనిన పిమ్మట, దర్బారులో కంపెనీ ప్రతినిధియగు రెసిడెంటుకు పలుకుబడి మిక్కుటమయ్యెను. 1798 మొదలు 1805 వఱకు ఆ పదవిలో నున్న జేమ్సు అకిలీసు కిర్కుపాట్రిక్కు ఈ భవనమును తలపెట్టెను. మద్రాసు ఇంజనీర్ల దళములోని సామ్యూల్ రస్సెల్ దానికి నక్షా గీచెను. కాలక్రమమున ఆ ప్రహరీ లోపలి స్థలమును, దాని చుట్టునున్న బజారును రెసిడెంటు అధికారము క్రిందికి వచ్చినవి. ఆ బజారు 1933లో తిరిగి నిజాము ప్రభుత్వమునకు చేరి సుల్తాను బజారను పేరు పొందెను. అనగా చిరకాలము ఒకే నగరమున రెండు ప్రభుత్వములు, రెండు న్యాయములు ప్రక్కప్రక్కనే మెలగినవి. మన కథకు మూలము ఇందే కలదు.

కిర్కుపాట్రిక్కు 1764లో మద్రాసులో జన్మించెను. పారసీకమును హిందుస్తానీని చక్కగా నేర్చెను. నిజాము ఆయనకు హష్మత్ జంగ్ అను బిరుదమొసగెను. ఆయన ప్రేమించిన ఖైరున్నీసా బేగము ప్రవక్త వంశమువారమని చెప్పుకొను సయ్యదుల యింటి బిడ్డ. ఆమె తాత బాకర్ ఆలీఖాన్ కంపెనీ సైన్యమునకు జీతములు పంచు బక్షీ; మంత్రియగు మీర్ ఆలముకు బంధువు. ఆమెకు వేఱొక ప్రభువుల యింట సంబంధము నిశ్చయమైయుండెను. అయినను తల్లి షరఫున్నీసా బేగము, అమ్మమ్మ దుర్దానా బేగము పూనికతో ఈ వివాహము సాగినది. కిర్కుపాట్రిక్కు ఇస్లాము స్వీకరించి షియా సంప్రదాయము చొప్పున ఆమెను పెండ్లియాడెను. 1801 మార్చిలో కుమారుడును, 1802 ఏప్రిలులో కుమార్తెయు కలిగిరి. వధువునకు అప్పటికి పదునాలుగు పదునైదేండ్ల ప్రాయము. ఆ కాలమున అది వింత గాకపోయినను, తన యావజ్జీవితమును నిర్ణయించు ప్రశ్నలను ఆలోచించు వయస్సు అది కాదని మేము చెప్పకుండలేము.

ఈ వివాహపు వార్త కలకత్తాకు చేరెను. రెసిడెంటు తన యధికారమును దుర్వినియోగము చేసెనని నిందలు వినవచ్చెను. గవర్నరు జనరలు వెల్లెస్లీ ఆజ్ఞచే 1801లో మద్రాసు గవర్నరు లార్డు క్లైవు రహస్యముగా విచారణ జరిపించెను. బలాత్కార మేమియు లేదని తేలినందున కిర్కుపాట్రిక్కు పదవి నిలిచెను. కాని చదువరులు ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. ఆ విచారణలో ముఖ్యముగా తూచబడినవి కంపెనీ పరువును, రెసిడెంటు విశ్వాసమును. రేపు ఈ స్త్రీకి ఏ హక్కు నిలుచునను ప్రశ్న అందులో లేదు. హైదరాబాదు ఖాజీ దృష్టిలో ఆమె ధర్మబద్ధమైన భార్య. ఇంగ్లీషు న్యాయము దృష్టిలో ఆ వివాహము వివాహమే కాదు. ఒకే కాపురమునకు రెండు రాజ్యములు రెండు పేర్లు పెట్టినవి. భార్య బ్రతుకు ఆ రెండు పేర్ల నడుమ చిక్కుకొన్నది.

అట్టి స్థితిలో పరదేశీయుని భార్యకు ఆ నాడు ఎన్ని దారులుండెను? మూడు మాత్రమే కానవచ్చుచున్నవి. భర్త నీడలో భర్త యింట నుండుట మొదటిది. భర్త దేశమునకు పోవుట రెండవది. భర్త లేనప్పుడు అధికారుల దయపై ఆధారపడుట మూడవది. ఖైరున్నీసా మొదటి దారిని పోయి తుదకు మూడవదానిలో పడెను.

రెసిడెన్సీ తోటలో ఆమెకొఱకు రంగమహలను పేర ఒక జనానా భవనము కట్టబడెను. ఘోషా పాటించు ఆమె ఆ ప్రధాన భవనమును ముందునుండి చూడజాలదు గావున, దాని నమూనాను చిన్నదిగా చేయించి జనానా తోటలో నిలిపిరని ప్రసిద్ధి. రంగమహలు తరువాతి కాలమున కూల్చివేయబడినది. భర్త అనురాగమునకు ఇంతకంటె గుర్తు వలయునా? కాని ఆ యింటిలో నుండుటకు ఆమెకు తనదైన హక్కు ఒక్కటియు లేదు. ఆమె అక్కడ నున్నది రెసిడెంటు ఉన్నంత కాలము, రెసిడెంటు ఇష్టముచే మాత్రమే.

బిడ్డల విషయమున ఈ లోపము మొదట బయటపడెను. 1791లో కార్నువాలిసు ప్రభుత్వము ఒక నియమము చేసెను. తలిదండ్రులలో ఒకరు భారతీయులైనవారికి కంపెనీ కొలువులలో ప్రవేశము లేదని ఆ నియమ సారాంశము. 1795లో సైన్యమునకు సంబంధించి మఱియొక కట్టుబాటు వచ్చెను; అట్టివారు బాకాలూదుటకు, డప్పులు కొట్టుటకు, గుఱ్ఱములకు నాడాలు వేయుటకు తప్ప తగరనిరి. కావున తండ్రి తన బిడ్డలకు హైదరాబాదులో భవిష్యత్తు లేదని తలంచి, ఇంగ్లండునకు పంప నిశ్చయించెను. 1805లో మద్రాసున ఓడ యెక్కుటకు ముందు జార్జి చినరీ యను చిత్రకారుడు ఆ యిద్దఱు పసివారిని హైదరాబాదు దుస్తులలోనే చిత్రించెను. బాలునకు నాలుగేండ్లు, బాలికకు మూడేండ్లు. 1806 మార్చిలో లండనున వారికి జ్ఞానస్నానము చేయించి విలియం జార్జి, కాథరిన్ అరోరా అని పేర్లు పెట్టిరి. తల్లి పెట్టిన పేర్లు అంతటితో మఱుగుపడెను. తల్లి వారిని మఱి యెన్నడును చూడలేదు.

బిడ్డలు ఓడలో నుండగనే తండ్రి కలకత్తాకు పోయి 1805 అక్టోబరు 15వ తేదీన జ్వరపీడితుడై మరణించెను. ఆయన మరణశాసనము చదివినవారికి న్యాయశాస్త్రపు కాఠిన్యము తెలియును. భార్యయెడల గాఢానురాగమును తెలిపిన ఆ పత్రముననే బిడ్డలు వివాహము వెలుపల పుట్టినవారుగా వ్రాయబడిరి. ఖైరున్నీసాకు స్వంత జాగీరులును నగలును ఉన్నవి గావున విశేషమైన యేర్పాటు అక్కఱలేదని కూడ అందు కలదు. ఆయనకు ప్రేమ లేక ఇట్లు వ్రాసెనని మేము తలంపము. ఇంగ్లీషు కోర్టులో చెల్లు పత్రమున ఇంగ్లీషు న్యాయము ఒప్పుకొను మాటలే వ్రాయవలసివచ్చెను. ఆ న్యాయమున ఆమెకు భార్య యను మాట దొరకలేదు.

మరుసటి యేడు ఆమె తల్లితో కూడ కలకత్తాకు పోయి భర్త సమాధిని దర్శించెను. అక్కడ భర్తకు సహాయకుడుగా నుండిన హెన్రీ రస్సెల్ ఆమెకు చేరువయ్యెను. ఆ సంగతిపై అపవాదు పుట్టెను. అప్పటికి నిజాము ప్రధానమంత్రిగా నున్న మీర్ ఆలము కిర్కుపాట్రిక్కుపై పగ గలవాడు. ఖైరున్నీసా హైదరాబాదునకు మరలి రాగూడదని ఆంక్ష కలిగెను. అందుచే ఆమె మన కృష్ణాతీరపు మచిలీపట్టణమున ప్రవాసముండవలసివచ్చెను. రస్సెల్ 1808లో మద్రాసున వేఱొక యువతిని పెండ్లియాడెను. కొన్ని యేండ్లకు ఆమె జన్మస్థానమునకు తిరిగి రాగలిగినను ఎక్కువకాలము బ్రదుకలేదు. 1813 సెప్టెంబరులో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, హైదరాబాదున కన్నుమూసెను.

చదువరులు ఆలోచింతురుగాక. ఈమె నిరుపేద కాదు, జాగీరులు గలది. అనాథ కాదు, తల్లియు బంధువులును గలది. నేరము చేసినది కాదు. అయినను పుట్టిన యూరిలో కాలుమోపుటకు ఒక మంత్రి అనుమతి, కంపెనీ అధికారి అంగీకారము కావలసివచ్చెను. ఏలయన, ఆమె ఉనికి అంతయు ఒక పురుషుని ఉనికిపై నిలిచియుండెను. ఆ పురుషుడు పోయినప్పుడు ఆమె ఏ రాజ్యమునకు చెందినదో చెప్పగల న్యాయము లేకపోయెను.

కుమార్తె కాథరిన్ ఇంగ్లండులో కిట్టీ యను పేర పెరిగెను. 1829లో ఒక సైనికాధికారిని పెండ్లియాడెను. 1841 ప్రాంతమున, ముప్పదియైదేండ్లు గడచిన పిమ్మట, రెసిడెన్సీ అధికారి యొకరి సాయమున ఆమెకును అమ్మమ్మ షరఫున్నీసాకును ఉత్తరములు నడచినవి. ఒకరి భాష ఒకరికి రాదు, నడుమ భాషాంతరీకరణము. ఒక్క కుటుంబపు అమ్మమ్మయు మనుమరాలును కాగితములమీద తప్ప కలిసికొనలేకపోయిరి. 1847లో షరఫున్నీసా మరణించెను. కిట్టీ 1889 వఱకు జీవించినను తిరిగి హైదరాబాదు చూడలేదు.

భర్త దేశమునకు పోయియుండిన బాగుగా నుండెడిదా యని కొందఱడుగవచ్చును. దానికి సమాధానముగా మఱియొక స్త్రీ చరిత్ర కలదు. మరాఠా ప్రభువగు మహాద్జీ సింధియాకు సేనాపతియై ధనమార్జించిన బెన్వా ద బ్వాన్యు అను సవాయి దేశస్థుడు ఉత్తర హిందూస్థానమున ఒక ముస్లిము యువతిని పెండ్లియాడి, ఆమెతోను ఇద్దఱు బిడ్డలతోను ఇంగ్లండు చేరెను. ఆమెకు హెలెన్ బెన్నెట్టు అను పేరు వచ్చెను. 1798లో ఆ మహాశయుడు ఫ్రెంచి ప్రభువుల యింటి బాలిక నొకతెను లండనులో పెండ్లియాడెను. మొదటి వివాహము అక్కడి న్యాయమునకు వివాహము కాకపోవుటచే దానికి అడ్డులేకపోయెను. హిందూస్థానమునుండి వెంట వచ్చిన యిల్లాలు ససెక్సులో హోర్షము సమీపమున చిరకాలము ఒంటరిగా గడపి 1853లో మరణించెను. కాబట్టి దారి మార్చినంత మాత్రమున మేలు కలుగదు. దారి తుదను భార్యకు పేరున్నదా లేదా యన్నదే ముఖ్యము.

ఈ లోపమును తీర్చుటకు పందొమ్మిదవ శతాబ్దపు శాసనకర్తలు ఏమి చేసిరి? 1844లో ఇంగ్లండు ఒక చట్టము చేసి, బ్రిటిషు ప్రజను పెండ్లియాడిన పరదేశీయ స్త్రీ తానును బ్రిటిషు ప్రజ యగునని పలికెను. 1870 నాటి చట్టము ఇంకను ముందుకు పోయి, వివాహిత ఎవరైనను భర్త ఏ రాజ్యమువాడో ఆ రాజ్యమునకే చెందునని నిర్ణయించెను. పైకి ఇది మేలుగ తోచును. కాని స్త్రీకి స్వంత పౌరసత్వము లేదను మాటనే ఇది చట్టముగా మార్చినది. ఇంగ్లీషు స్త్రీ పరదేశీయుని పెండ్లియాడిన క్షణమున తన పుట్టింట పరదేశీయురాలయ్యెను.

ఇందువలన మనవారికి కలిగిన నష్టమునకు అమెరికాలో నిదర్శనము కలదు. 1922లో అక్కడ చేసిన కేబుల్ చట్టము భార్య పౌరసత్వమును భర్త పౌరసత్వమునుండి విడదీసినది. కాని పౌరులగుటకు అర్హత లేని జాతివారిని పెండ్లియాడిన స్త్రీకి ఆ రక్షణ లేదనెను. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు భారతీయులకు ఆ యర్హత లేదని తీర్పు చెప్పెను. దానితో వంగదేశపు దేశభక్తుడు తారక్‌నాథ్ దాసును పెండ్లియాడిన మేరీ కీటింగ్ మోర్సు అను అమెరికా వనిత తన దేశముననే పౌరసత్వము కోల్పోయెను. బ్రిటనులో ఈ నియమము 1948 నాటి పౌరసత్వ చట్టముతో తొలగినది. 1957లో ఐక్యరాజ్యసమితి, వివాహముచేత గాని విడాకులచేత గాని భార్య పౌరసత్వము తనంత తానుగా మారరాదని ఒడంబడిక చేసినది. ఖైరున్నీసా మరణమునకును దీనికిని నడుమ నూటనలుబది నాలుగేండ్లు గడచినవి.

ఈ మార్పునకు మన దేశపు సంస్కర్తలును తోడ్పడిరని మఱువరాదు. మత సంప్రదాయములు వేఱైన వధూవరులకు రాజ్యము గుర్తించు వివాహపత్రము కావలెనని బ్రాహ్మ సమాజమువారు పోరాడిన ఫలితముగా 1872లో మూడవ చట్టము వెలసినది. కోఠీకి అనతిదూరమున నాంపల్లిలో గోల్డెన్ థ్రెషోల్డ్ అను గృహము కలదు. అఘోరనాథ ఛట్టోపాధ్యాయుల కుటుంబము నివసించిన యిల్లు అది. ఆయన కుమార్తె సరోజినికిని గోవిందరాజులు నాయుడుకును 1898లో మద్రాసున ఆ చట్టము చొప్పున వివాహము జరిగెను. ఆ వివాహము జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వధువు వంగదేశపు బ్రాహ్మణ కన్య. వరుడు బ్రాహ్మణేతరుడగు తెలుగువాడు. కులపెద్దలు ఒప్పుకొనినను ఒప్పుకొనకున్నను, రాజ్యపు పుస్తకములో ఆమె పేరు భార్యగా వ్రాయబడెను. రంగమహలునకు లేని బలము ఆ ఒక్క పంక్తికి కలదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఆ 1872 చట్టమునకు వారసురాలు. పూర్వపు చట్టమున వధూవరులు తమ మతమును కాదనవలసియుండెను. 1954లో ఆ నిర్బంధము తొలగెను. 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అన్ని వివాహములను తప్పక నమోదు చేయవలెనని చట్టము చేసినది.

ఇక నేటి ప్రశ్నకు వత్తము. యూరపు పౌరుని పెండ్లియాడిన తెలుగు వధువుకు గాని వరునకు గాని ముఖ్యముగా రెండు ద్వారములు కలవు. ఒకటి ఆ యా దేశపు స్వంత చట్టము. రెండవది ఇరువదియేడు దేశముల కూటమియగు యూరోపియను యూనియను 2004లో చేసిన 38వ నిర్దేశము. ఈ రెండవ ద్వారము ఎప్పుడు తెఱచుకొనునో చాలమందికి తెలియదు. యూరపు పౌరుడు తన దేశమున గాక కూటమిలోని వేఱొక దేశమున నివసించునప్పుడే అది వర్తించును. జర్మనీలో కాపురమున్న ఫ్రెంచి వనిత భర్తకు రెండవ ద్వారము కలదు. జర్మనీలోనే యున్న జర్మను వనిత భర్తకు సాధారణముగ మొదటిదే గతి. ఇందుచే స్వదేశీయుని భార్యకంటె పొరుగుదేశస్థుని భార్యకు సులభమైన త్రోవ దొరకు విచిత్రమును చూచుచున్నాము.

ఈ విచిత్రమును న్యాయస్థానమున నిలిపినవాడు ఒక భారతీయుడే. సురీందర్ సింగ్ అనునతడు 1982లో ఇంగ్లండులో బ్రిటిషు పౌరురాలిని పెండ్లియాడెను. దంపతులు 1983 నుండి 1985 వఱకు జర్మనీలో ఉద్యోగములు చేసి ఇంగ్లండునకు తిరిగి వచ్చిరి. పిదప కాపురము చెడగా, బ్రిటిషు ప్రభుత్వము తన చట్టము చొప్పున అతనిని దేశమునుండి పంపివేయ యత్నించెను. 1992 జూలై 7వ తేదీన యూరపు న్యాయస్థానము తీర్పు చెప్పెను. వేఱొక సభ్యదేశమున పనిచేసి స్వదేశమునకు తిరిగి వచ్చు పౌరుని భార్యకు లేక భర్తకు, పరాయి సభ్యదేశమున నుండు హక్కుకంటె తక్కువ హక్కు ఉండరాదని ఆ తీర్పు సారాంశము. ఆ తీర్పే మూడవ దారియై ఆతని పేరనే ప్రసిద్ధమయ్యెను. బ్రిటను 2020లో కూటమినుండి వైదొలగినందున అక్కడ క్రొత్తవారికి ఆ దారి లేదు. తక్కిన దేశములలో మాత్రము నిలిచియున్నది.

రెండు ద్వారములకు గల భేదమును క్లుప్తముగా చెప్పెదము. యూనియను దారిలో మూడునెలలకు మించి యుండగోరువారు నివాసపు కార్డుకు దరఖాస్తు పెట్టవలెను. ఆఱునెలలలోపల దానిని ఇయ్యవలెను. అది సాధారణముగా అయిదేండ్లు చెల్లును. స్వదేశీయులు తమ గుర్తింపు పత్రమునకు చెల్లించు రుసుముకంటె ఎక్కువ పుచ్చుకొనరాదు. భాషాపరీక్ష లేదు. అయిదేండ్లు ఎడతెగక నివసించినచో శాశ్వతనివాసపు హక్కు కలుగును. దేశీయ చట్టపు దారి దేశమునకొక తీరు. జర్మను పౌరుని భార్య సాధారణముగా ముందే ప్రాథమిక జర్మను భాష నేర్చినట్లు చూపవలెను. కాని కాపురము నిలిచి, భాషయు వచ్చినయెడల మూడేండ్లకే స్థిరనివాసము పొందవచ్చును. కాబట్టి ఒకటి ఎల్లప్పుడును మేలు, మఱియొకటి ఎల్లప్పుడును కీడు అనరాదు.

అయితే కోఠీ చరిత్ర చదివినవారు త్వరయు ఖర్చును అడుగుటకు ముందు మఱియొకటి అడుగవలెను. భర్త మరణించిన నేనేమగుదును? యూనియను నిర్దేశము దీనికి స్పష్టముగా సమాధానము చెప్పుచున్నది. మరణమునకు ముందు ఒక యేడైనను ఆ దేశమున కుటుంబసభ్యురాలిగా నివసించియున్నచో ఆమె హక్కు పోదు. విడాకులైనను, వివాహము మూడేండ్లు నిలిచి అందులో ఒక యేడు ఆ దేశమున గడచియున్నచో హక్కు నిలుచును. బిడ్డల సంరక్షణ ఆమెకు వచ్చినప్పుడును, గృహహింస వంటి దుర్భర సందర్భములందును ఆ గడువు లేకయే నిలుచును. శాశ్వతహక్కు వచ్చువఱకు ఆమె తన పోషణకు తగిన యాధారము చూపవలసియుండును. దేశీయ చట్టములందును ఇట్టి రక్షణలు కలవు గాని, వాని గడువులును షరతులును వేఱు. ఇవి దరఖాస్తు పెట్టక ముందే చదువదగినవి. కష్టము వచ్చిన పిమ్మట దారి మార్చుకొనుట దుర్లభము.

మన దేశమునకు కోడండ్రయియు అల్లుండ్రయియు వచ్చు పరదేశీయుల సంగతియు ఇంతే. భారతీయుని పెండ్లియాడిన విదేశీయురాలు వివాహమును నమోదు చేసికొని, అది రెండేండ్లు నిలిచిన పిమ్మట ప్రవాస భారతీయ పౌరుల కార్డు కోరవచ్చును. ఏడేండ్లు ఇక్కడ నివసించినచో 1955 నాటి చట్టము క్రింద పౌరసత్వము నడుగవచ్చును. కాని 2015 సవరణము ప్రకారము, విడాకులైనచో వివాహమువలన వచ్చిన ఆ కార్డు రద్దు చేయవచ్చును. ఇక్కడనే కాపురము చేసి, ఇక్కడి భాష నేర్చి, ఇక్కడనే బిడ్డలను కన్న తల్లికి వివాహపు ముడి విడినంతనే నిలువ నీడ సందేహమగుట న్యాయమా యని మన శాసనకర్తలు ఆలోచింపవలెను. యూరపువారిని అడుగు న్యాయమును మన యింట మనము చూపకుండరాదు.

కావున ఇట్టి వివాహములకు పూనుకొను యువజనులకును వారి తలిదండ్రులకును మా మనవి యిది. ఇరుదేశముల న్యాయములును ఒప్పుకొనునట్లు వివాహమును నమోదు చేయింపుడు. ఆ పత్రమును విదేశమున చెల్లునట్లు ప్రభుత్వ ముద్ర వేయించి యొక ప్రతిని వధువు స్వంత పెట్టెలో నుంచుడు. ఏ దారిని దరఖాస్తు పెట్టినను, ఆ దారిలో ఆమె హక్కు ఆమె పేర ఎప్పుడు నిలుచునో తేదీతో సహా తెలిసికొనుడు. అక్కడి భాష పరీక్షకొఱకు అవసరము లేకున్నను నేర్పింపుడు. తన కాగితము తాను చదువుకొనలేని స్త్రీకి హక్కున్నను లేనట్లే. ఇట్లడుగుట అల్లునిపై అపనమ్మకమని కొందఱనుకొందురు. కిర్కుపాట్రిక్కుకంటె భార్యను మిన్నగా ప్రేమించినవారు అరుదు. ఆయన ప్రేమ సందేహింపబడలేదు. ఆయన ఆయువు చాలలేదు. భార్య హక్కు భర్త గుణముపైనను ఆయువుపైనను నిలువరాదు.

ఆ రెసిడెన్సీ భవనమునకు 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల వచ్చి చేరెను. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు ధరించెను. తన పొలము తనదేయని దొరల నెదిరించి నిలిచిన స్త్రీ పేరది. ఆ ఆవరణమున నేడు చదువుకొను బాలికలు న్యాయశాస్త్రమును, భాషలను నేర్చి, తమ ఉనికికి తామే సాక్ష్యము చెప్పుకొనగలవారు కావలెనని మా కోరిక. ఒకప్పుడు ఒక యిల్లాలికి నీడ కరవైన చోటనే అట్టివారు తయారగుదురుగాక.